బరువును బంధించు విద్య

మోటారు వాహనములు పల్లెలకు రాని దినములలో, కోతలు ముగిసిన పిమ్మట వరిగడ్డి బండ్లు పొలములనుండి ఊళ్లకు బారులు తీరి సాగుచుండెడివి. బండి తోలుట పలువురకు వచ్చును గాని, బండి నింపుట అందరకును వచ్చెడిది కాదు. ముందువైపు బరువు హెచ్చినచో కాడి ఎద్దుల మెడలను క్రుంగదీయును. వెనుకవైపు బరువు హెచ్చినచో కాడి పైకి లేచి మెడత్రాళ్లు వాని గొంతులకు బిగిసికొనును. కావున అనుభవము గల రైతు ఇరుసునకు ఇరువైపుల బరువును త్రాసులో తూచినట్లు సరిచేసి, గడ్డిమీదుగా మోకు వేసి, ఇద్దరు మనుష్యులచే లాగించి బిగించి, ఆ తరువాతనే బండి కదలించెడివాడు. అప్పటికిని దారిలో గుంట వచ్చినచో గడ్డి ఒరిగి పడుట కలదు. ఎద్దులబండి మనిషి నడకతో సమానముగా పోవునది. అందుచేత ఆ పాటుచే కలుగు నష్టమును స్వల్పమే. బండిని నిలిపి, పడిన గడ్డిని మరల ఎక్కించుకొనుటతో సరిపోయెడిది.

నేడు ఆ బరువునే లారీలు మోయుచున్నవి. గుంటూరు మిర్చియార్డులో టిక్కీలని పిలువబడు మిరప బస్తాలు, ప్రకాశము జిల్లా చీమకుర్తి గనులలో తీసిన నల్లరాతి దిమ్మలు, విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున తయారైన కడ్డీలు, ఆదిలాబాదు ప్రాంతపు ప్రత్తి బేళ్లు, ఇవన్నియు రేయింబవళ్లు రహదారులపై పయనించుచున్నవి. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ ఒక్క సెకండులో 16 మీటర్లకు పైగా దాటిపోవును. అట్టి వేగమున సరకు కదలినచో దానిని ఆపుటకు మనుష్యులకు వ్యవధి యుండదు. బండి కాలమున నష్టముతో పోయిన పొరపాటు లారీ కాలమున ప్రాణములతో పోవుచున్నది. కావున సరకును వాహనముపై కదలకుండ నిలుపుట నేడు నేర్వదగిన ఒక విద్యయై యున్నది.

ఈ విషయమున జనులలో ఒక భ్రమ కలదు. మిక్కిలి బరువైన వస్తువును చూచి, "ఇంత బరువు గలది ఎక్కడికి కదలును? దీనికి కట్టెందుకు?" అని కొందరు తలంతురు. తేలికైన వస్తువులను కట్టి, బరువైన వానిని ఊరక వదలిపెట్టువారును కలరు. ఈ తలంపు సరియైనది కాదు. ఎందువలననో తెలిసికొనవలెనన్నచో కొంత ప్రకృతిశాస్త్రమును స్మరింపవలెను.

ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడైన ఐజాక్ న్యూటను 1687వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమునందు చలనమునకు సంబంధించిన మూడు సూత్రములను తెలిపెను. వానిలో మొదటిదాని ప్రకారము, కదలుచున్న వస్తువు తనపై మరియొక బలము పనిచేయనంతవరకు అదే వేగముతో, అదే దిక్కునకు పోవుచునే యుండును. దీనినే జడత్వమందురు. బస్సు ఆకస్మికముగా ఆగినపుడు నిలుచున్నవారు ముందునకు తూలుట ఎల్లరకును అనుభవమే. బ్రేకు ఆపునది బస్సును మాత్రమే, ప్రయాణికులను కాదు. లారీ విషయమును అట్టిదే. బ్రేకు వేసినపుడు చక్రములు ఆగును, చక్రములతోపాటు లారీ ఆగును. పైనున్న సరకు మాత్రము, దానిని పట్టి నిలుపునది ఏదియు లేనిచో, మునుపటి వేగముతోనే ముందునకు పోవును.

కట్టు లేని సరకును కొంతవరకు పట్టి నిలుపునది ఘర్షణ. సరకు అడుగుభాగమునకును, లారీ తొట్టి పలకలకును నడుమ కలుగు ఒరపిడియే ఈ ఘర్షణ. బరువు హెచ్చినకొలది ఘర్షణయు హెచ్చుననుట నిజమే. కాని బరువు హెచ్చినకొలది ముందునకు దూకు బలమును అంతే హెచ్చును. రెండును సమముగా పెరుగును గనుక బరువువలన కలుగు లాభమేమియు లేదు. దీనిని పాఠశాలలోనే పరీక్షించి చూడవచ్చును. ఒకే రకపు రేకు డబ్బాలను రెండు తీసికొని, ఒకదానిని ఖాళీగా నుంచి, రెండవదానిని ఇసుకతో నింపవలెను. రెండింటిని ఒక చెక్కపలకపై ప్రక్కప్రక్కల నుంచి, పలకను ఒకవైపున మెల్లమెల్లగా ఎత్తవలెను. ఇసుక డబ్బా కదలక నిలుచుననియు, ఖాళీ డబ్బా ముందుగా జారుననియు చూచువారు అనుకొందురు. కాని రెండును ఇంచుమించు ఒకే వాలున జారిపోవును. బరువు తనను తాను నిలుపుకొనలేదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇక లెక్క కట్టి చూతము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2004వ సంవత్సరారంభమునుండి అమలు జరుగుచున్న నియమముల ప్రకారము, లారీపై సరకును నిలుపు సాధనములు ముందువైపునకు సరకు బరువులో పదింట ఎనిమిది వంతుల బలమును, వెనుకకును ప్రక్కలకును పదింట ఐదు వంతుల బలమును తట్టుకొనగలిగి యుండవలెను. ఐరోపా దేశములలోని ప్రమాణమును దాదాపు ఇట్టిదే. గట్టిగా బ్రేకు వేసినపుడు కలుగు తాకిడి అంతటిది.

చీమకుర్తి నల్లరాయి ఘనమీటరు ఒకటింటికి సుమారు 3 టన్నులు తూగును. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు గల దిమ్మ 3 ఘనమీటర్లు; అనగా దాని బరువు సుమారు 9 టన్నులు. గట్టిగా బ్రేకు పడినపుడు ఆ దిమ్మ 7.2 టన్నుల బలముతో ముందునకు తోయును. పలకలపై ఘర్షణ బరువులో పదింట మూడు వంతులు అనుకొన్నచో, అది నిలుపగలిగినది 2.7 టన్నులు మాత్రమే. మిగిలిన 4.5 టన్నుల బలమునకు డ్రైవరు వీపు వెనుకనున్న కేబిను రేకు అడ్డముగా నిలువవలసి వచ్చును. ఆ రేకు అంత బలమునకు ఆగునది కాదు. దిమ్మ బరువు రెట్టింపైనచో ఈ అంకెలన్నియు రెట్టింపగును, ప్రమాదము తగ్గదు. పలకలపై ఇసుకయో, నూనెయో, వాననీరో యున్నచో ఘర్షణ మరింత తగ్గును. కావుననే సరకు ఎక్కించుటకు ముందు తొట్టిని ఊడ్చి శుభ్రము చేయుట మొదటి పని. సరకు క్రింద దళసరి రబ్బరు చాపలు పరచినచో ఘర్షణ సుమారు బరువులో పదింట ఆరు వంతులవరకు పెరుగును.

బ్రేకు వలననే కాదు, మలుపు వలనను సరకు కదలును. లారీ ఎడమకు తిరుగునపుడు సరకు తిన్నగా పోవజూచును గనుక, అది కుడి ప్రక్కకు ఒరిగినట్లగును. ఘాటురోడ్డులో 30 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును గంటకు 20 కిలోమీటర్ల వేగముతో తిరిగినచో, ప్రక్కకు త్రోయు బలము సరకు బరువులో ఇంచుమించు పదియవ వంతు. అదే మలుపును 40 కిలోమీటర్ల వేగముతో తిరిగినచో ఆ బలము పదింట నాలుగు వంతులను మించును. వేగము రెట్టింపైనచో బలము నాలుగింతలగుననుట దీనివలన స్పష్టము. సరకు ప్రక్కకు జారిన క్షణముననే బరువంతయు ఒక వైపునకు చేరి లారీ బోల్తాపడుటయు కలదు.

బోల్తాపడుటకు మరియొక కారణము సరకు పేర్చు పద్ధతి. ప్రతి వస్తువునకును దాని బరువంతయు ఒకచోట కేంద్రీకరించినట్లు భావింపదగిన బిందువొకటి కలదు. దానిని గరిమనాభి యందురు. గరిమనాభి ఎంత క్రిందుగా నున్న వాహనము అంత స్థిరముగా నుండును. కావున బరువైన వానిని అడుగునను, తేలికైన వానిని పైనను ఉంచవలెను. కుడిఎడమల బరువు సమముగా నుండవలెను. బరువంతయు మిక్కిలి వెనుకకు చేరినచో ముందు చక్రములు తేలికయై స్టీరింగు డ్రైవరు మాట వినదు. మిక్కిలి ముందునకు చేరినచో ముందు ఇరుసుపై మితిమీరిన భారము పడును. పూర్వపు రైతు కాడిని చూచి గ్రహించిన విషయమే ఇదియు.

పేర్చుటలో పాటింపవలసిన ముఖ్య నియమము, నడుమ సందు లేకుండుట. సరకును తొట్టి ముందరి గోడకు ఆనించి, వస్తువునకు వస్తువు తగులునట్లు పేర్చవలెను. సందు విడిచినచో సరకునకు పరుగెత్తుటకు చోటు దొరకును. పరుగెత్తి వచ్చి తగిలిన వస్తువు, ఆనియున్న వస్తువుకంటె ఎన్నో రెట్లు గట్టిగా కొట్టును. ఎక్కడైనను సందు తప్పనిచో దానిలో చెక్క దిమ్మలనో, ఖాళీ సంచుల కట్టలనో బిగియ దూర్చవలెను.

పేర్చిన పిమ్మట కట్టుట. సరకుమీదుగా వేసి ఇరుప్రక్కల బిగించిన త్రాడు చేయు మేలును గమనింపదగును. త్రాటి బిగువు సరకును పలకలకు గట్టిగా నొక్కును. దానివలన ఘర్షణ హెచ్చును. బరువు పెంచినపుడు ఘర్షణతోపాటు ముందునకు దూకు బలమును పెరిగినది. కాని త్రాటి బిగువు బరువు కాదు. అది నొక్కును గాని ముందునకు దూకదు. బరువు చేయలేని పనిని బిగువు చేయుట ఇట్లు సాధ్యమగుచున్నది. ఐతే త్రాడు దిగు కోణమును చూచుకొనవలెను. నిలువుగా దిగిన త్రాడు తన బిగువునంతయు నొక్కుటకే వినియోగించును. పలకలతో 30 డిగ్రీల కోణము మాత్రమే చేయుచు ఏటవాలుగా పోయిన త్రాడు అందు సగమును మాత్రమే వినియోగించును. కావున ఎత్తు తక్కువగల బరువులకు మీదుగా వేసిన త్రాడు చాలదు. వానిని నాలుగు మూలలనుండి గొలుసులతో ముందునకును వెనుకకును లాగి కట్టి, అడుగున చెక్క దిమ్మలను అడ్డుగా కొట్టవలెను.

కట్టు సాధనము సరకునకు తగినదై యుండవలెను. బస్తాలకు త్రాడు చాలును. రాతికిని ఇనుమునకును గొలుసులో, ఉక్కు తీగత్రాళ్లో కావలెను. బిగింపు మీటతో కూడిన పాలియెస్టరు పట్టీ బెల్టులు ఇటీవల విరివిగా వాడుకలోనికి వచ్చినవి. ఎంత బలమును భరించునో వానిపై కుట్టిన చీటీమీద వ్రాసియుండును. త్రాడు ముడివేసిన చోట దాని బలము తగ్గును. వాడియైన అంచుపైనుండి పోయినచోట అది కోసికొనిపోవును. అట్టి చోట్ల తోలుముక్కయో, దళసరి రబ్బరో వేయవలెను. సరకుపై కప్పు టార్పాలిన్ పట్టా వాననుండియు గాలినుండియు కాపాడునే గాని బరువును ఆపజాలదు. పట్టా కప్పుటతో కట్టుట ముగిసినదనుకొనుట పొరపాటు.

సరకు స్వభావమును బట్టి పద్ధతియు మారును. బస్తాలను గోడ కట్టునట్లు పేర్చవలెను. పైవరుస బస్తా క్రింది రెండు బస్తాల అతుకుపై పడవలెను. అట్లు చేసినచో ఒక బస్తా మరియొకదానిని పట్టుకొనియుండును. పీపాలు, గొట్టములు, దుంగలు దొర్లు స్వభావము గలవి. వానికి ఇరువైపుల ఏటవాలు చెక్కలు బిగింపవలెను. ఇనుప కడ్డీలు ఒకదానిపై నొకటి జారునవి. కట్టకు కట్టగా చుట్టి, ఆ కట్టలనన్నిటిని కలిపి మరల కట్టవలెను. తొట్టి వెలుపలికి పొడుచుకొనివచ్చిన కడ్డీలు చీకటిలో వెనుకనుండి వచ్చువారికి కనబడవు. అట్టి కడ్డీలకు ప్రాణములు గోల్పోయినవారు కలరు. గడ్డి తేలికైనదేయైనను గాలికి ఒరుగును. మితిమీరిన ఎత్తునకు నింపినచో విద్యుత్తు తీగలకు తగిలి అంటుకొనును. ద్రవపదార్థములు మరియొక చిక్కు. సగము నిండిన ట్యాంకరు నిండు ట్యాంకరుకంటె అదుపు తప్పుట సులభము. బ్రేకు వేసినపుడు లోపలి ద్రవము అలవలె ముందునకు పొర్లి గోడను కొట్టును. అందుచేతనే పాల ట్యాంకర్లలోపల తప్ప, పెట్రోలు మున్నగు ద్రవములను మోయు పెక్కు ట్యాంకర్లలో రంధ్రములు గల అడ్డు గోడలు అమర్చుదురు. కడుగుటకు వీలుగా నుండవలెనని పాల ట్యాంకర్లలో పెక్కింటికి ఈ గోడలు పెట్టరు. కావున వానిని నడపువాడు మరింత నిదానముగా నడపవలసియుండును.

బయలుదేరునపుడు బిగించిన కట్టు గమ్యము చేరువరకు అట్లే యుండుననుకొనరాదు. గతుకులకు బస్తాలు అణగును, త్రాళ్లు సాగును, గొలుసులు వదులగును. అమెరికా నియమములలో ప్రయాణపు తొలి 80 కిలోమీటర్లలోపల ఒకసారియు, అటుపిమ్మట మూడు గంటలకో, 240 కిలోమీటర్లకో, ఏది ముందైన అప్పుడు మరియొకసారియు డ్రైవరు దిగి కట్లను పరీక్షింపవలెనని కలదు. తేనీటికై లారీని ఆపిన ప్రతిసారి దాని చుట్టు ఒకమారు తిరిగి కట్లను చేతితో తట్టి చూచుట ఎవరికైనను సాధ్యమగు పనియే. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటవలన ప్రయోజనము లేదు.

మన దేశమున ఈ విషయమై చట్టమును కలదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 2019లో సవరింపబడినది. సరకు తొట్టి ప్రక్కలకుగాని, ముందువెనుకలకుగాని, ఎత్తునకుగాని అనుమతించిన హద్దు దాటి పొడుచుకొనియున్నచో 20,000 రూపాయల జరిమానా అందు నిర్దేశింపబడినది. పరిమితిని మించి బరువు మోసినచో 20,000 రూపాయలును, మించిన ప్రతి టన్నునకు మరి 2,000 రూపాయలును జరిమానా. అంతియే కాక, అధికముగా నున్న సరకును దింపించు ఖర్చును కూడ భరింపవలెను.

జరిమానా భయముకంటె గొప్పదైన కారణమొకటి కలదు. లారీ సాగుచుండగా ఒక బాలుడు అకస్మాత్తుగా రోడ్డునకు అడ్డము వచ్చెననుకొందము. సరకు గట్టిగా కట్టియున్నచో డ్రైవరు సంకోచము లేక కాలి శక్తి కొలది బ్రేకు తొక్కును. కట్టు లేనిచో, వెనుకనున్న ఇనుప కడ్డీలు కేబినులోనికి దూసికొనివచ్చునను భయము అతనిని వెనుకకు లాగును. తన ప్రాణమునకును, ఆ బాలుని ప్రాణమునకును నడుమ ఒకదానిని ఎన్నుకొనవలసిన దుస్థితి అతనికి కలుగును. ఆలోచించుటకు అరసెకండు వ్యవధి పట్టినను లారీ 8 మీటర్లు ముందునకు పోవును. ఏ మనుష్యుని అట్టి సంకటమున నిలుపరాదు. సరకును కట్టినవాడు డ్రైవరునకు ఇచ్చునది బ్రేకు వేయగల స్వేచ్ఛ.

ఇట్టి ఆపద సరకుపై ఎక్కి కూర్చుండువారికి మరింత హెచ్చు. కూలిపనులకు పోవువారును, తిరునాళ్లకు పోవువారును బస్తాలపైనను, రాళ్లపైనను కూర్చుండి పయనించుట నేటికిని కనబడుచున్నది. సరకు జారినపుడు మొదట నలిగిపోవువారు వారే. బరువుతోపాటు మనిషిని ఎక్కించుట ఎంత తొందర పనియైనను కూడని పని.

ఈ విద్యకు పెద్ద యంత్రములు అక్కరలేదు. తొట్టిని ఊడ్చుట, సందు లేకుండ పేర్చుట, బరువును అడుగున నుంచుట, తగిన త్రాటితో తగిన కోణమున బిగించుట, దారిలో దిగి చూచుట, ఇంతియే. అందుకు పట్టునది అరగంట కాలము. మార్కెట్టు యార్డులో చెమటోడ్చుచు త్రాడు బిగించు హమాలీకి ఆ లారీ ఏ ఊళ్ల మీదుగా పోవునో తెలియదు. దాని వెనుక సైకిలుపై వచ్చువారెవరో, ఎదుట రోడ్డు దాటు పిల్లలెవరో అతడెరుగడు. వారికిని అతని పేరు తెలియదు. ఐనను అతని చేతి బిగువుననే వారి క్షేమము ఆధారపడియున్నది. బరువు తనను తాను నిలుపుకొనలేదు. దానిని నిలుపవలసినది మనుష్యుని జాగ్రత్తయే.